విద్యార్హత గడి గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ విద్యార్హత గడి గారికి,

పొందూరు నుంచి ఒక దరఖాస్తుదారు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం గురించి వేరే అడగనక్కరలేదు. పెళ్లి సంబంధాల వివరాల పత్రం మొదలుకొని బ్యాంకు రుణం దరఖాస్తు దాకా ఎక్కడ చూసినా తమరే దర్శనమిస్తున్నారు. పేరు, తండ్రి లేక భర్త పేరు, ఆ వెంటనే తమరు. కొన్ని కాగితాల్లో మనిషి ఉండే ఊరి కంటే తమరే ముందు.

పోయిన మంగళవారం మా పెద్దమ్మను వెంటబెట్టుకుని తమరి దగ్గరకు వచ్చాను. గుర్తుండకపోవచ్చు. ఆవిడ పదకొండో ఏట రాట్నం ముందు కూర్చుంది. మధ్యలో ఇద్దరు పిల్లలను కని, పెంచి, పెళ్లిళ్లు చేయడానికి లేచిందే తప్ప మళ్లీ అక్కడే కూర్చుంది. వాలుగ చేప దవడ ఎముకను దువ్వెనలా పట్టుకుని కొండపత్తిని దువ్వుతుంది. ఆ దవడకున్న సన్నటి పళ్ల మధ్య నుంచి పత్తి వచ్చేసరికి చెత్తంతా రాలిపోయి, గింజ చుట్టూ ఉన్న పోగులన్నీ బుద్ధిగా ఒకే వైపు తిరుగుతాయి. ఆ తరువాత గింజ తీయాలి, దూది ఏకాలి, ఏకులు చుట్టాలి. వాటికి చేతి చెమట అంటకుండా ఎండిన అరటి డిప్పలో పెట్టుకుని వంద కౌంటు నూలు వడకాలి. కౌంటు పెరిగే కొద్దీ పోగు సన్నబడుతుంది. వంద దగ్గర అది కంటికంటే వేలికే ముందు తెలుస్తుంది. పొడిగాలి వీచిన రోజు పెద్దమ్మ తలుపు దగ్గరగా వేసుకుని వడుకుతుంది. పోగు తెగుతుందని ఆవిడకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఇంత విద్యను తీసుకొచ్చి తమరి ముందు పెడితే తమరు చూపించిన జాబితా ఇది: నిరక్షరాస్యులు, 5వ తరగతి లోపు, 10వ తరగతి, ఇంటర్, డిగ్రీ, ఆపైన. అట్టడుగున, ఇంటి వెనుక వసారాలా, ‘ఇతరములు’.

‘నేను మూడు దాకా చదివాను కదరా, మరి నాకు వచ్చిందంతా ఎక్కడ రాస్తావు?’ అంది పెద్దమ్మ.

ఇతరములు నొక్కాను. ‘వివరించండి, 20 అక్షరాలకు మించరాదు’ అన్నారు తమరు. సరే, తమరి చిత్తం. ‘వాలుగ చేప దవడతో పత్తి దువ్వి’ అని మొదలుపెట్టాను. కంప్యూటర్ లెక్కలో కొమ్ము ఒక అక్షరం, ఏత్వం ఒక అక్షరం, ఖాళీ కూడా ఒక అక్షరమే. ‘వాలుగ చేప దవడతో పత్త’ దగ్గర తమరి తలుపు మూసుకుపోయింది. పత్తి మీది గుడి బయటే నిలబడిపోయింది. నా వెనుక వరుసలో ఉన్నవాళ్లు విసుక్కుంటున్నారు. చివరికి తుడిచేసి ‘5వ తరగతి లోపు’ అని పెట్టి వచ్చేశాం.

తమరు మొదటి నుంచీ ఇంత కఠినంగా లేరని మా పక్క జిల్లావాళ్లు అంటారు. 1919లో విజయనగరం మహారాజా వారు సంగీత కళాశాల పెట్టినప్పుడు ద్వారం వెంకటస్వామి నాయుడు అనే 26 ఏళ్ల యువకుడు విద్యార్థిగా చేరదామని వచ్చాడట. ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు ఆయన వయొలిన్ విన్నారు. విని, విద్యార్థిగా కాదు, ఆచార్యుడిగానే చేర్చుకోవడానికి మహారాజా వారిని ఒప్పించారని చెప్పుకుంటారు. 1936లో ఆ కళాశాలకు ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ రోజు తమరు సెలవులో ఉన్నట్టున్నారు. లేకపోతే నాయుడుగారు వయొలిన్ పెట్టె మూసుకుని, ధ్రువపత్రం నకలు మీద గెజిటెడ్ అధికారి సంతకం కోసం తిరుగుతూ ఉండేవారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. తమరికి దూరదేశంలో ఒక వారసుడు పుట్టాడు. 2011లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మొజిల్లా సంస్థ, అమెరికాలోని మ్యాక్‌ఆర్థర్ ఫౌండేషన్ అండతో, ఓపెన్ బ్యాడ్జెస్ అనే పని తలపెట్టింది. అంటే నేర్చిన పనికి ఆన్‌లైన్‌లో ఇచ్చే గుర్తింపు బిళ్లలు. చూడటానికి అది చిన్న బొమ్మ. కానీ బొమ్మ కడుపులో కబురుంటుంది: ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, ఏం చేస్తే ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు, చేసినట్టు ఆధారం ఎక్కడుంది. బడిలోనే నేర్చుకోవాలనే నియమం లేదు. వంటింట్లో, పడవ మీద, మగ్గం గుంటలో, ఎక్కడ నేర్చుకున్నా సరే. ఇచ్చేవాడు విశ్వవిద్యాలయమే కానక్కరలేదు, ఊరి సంఘమైనా ఇవ్వవచ్చు. 2017 నుంచి ఆ ప్రమాణాన్ని ఐఎంఎస్ గ్లోబల్ అనే సంస్థ చూసుకుంటోంది. దాని ఇప్పటి పేరు వన్‌ఎడ్‌టెక్. కొత్తగా వచ్చిన మూడో రూపంలో బొమ్మతో పాటే డిజిటల్ సంతకం ఉంటుంది, ఎవరైనా దిద్దితే దొరికిపోతుంది. కలర్ జిరాక్సు తీసేవాళ్ల పొట్ట కొట్టే పని.

ఇదేదో బాగుందని నేను కూడా బ్యాడ్జీలు పోగేశాను. తమరి దయవల్ల నాకిప్పుడు పద్నాలుగు ఉన్నాయి. అందులో ఒకటి సమయపాలన మీద. ఆ ఆన్‌లైన్ శిక్షణకు నేను ఇరవై నిమిషాలు ఆలస్యంగా వెళ్లాను, ఫోను చార్జింగ్‌కు పెట్టి టీకి కూడా వెళ్లాను. సాయంత్రానికి నీలం రంగు పతకం వచ్చింది, మా బంధువుల గ్రూపులో ముప్పై మంది చప్పట్లు కొట్టారు. కడుపులో ఏముందోనని తెరిచి చూశాను. ‘ఆధారం’ అన్న చోట ఖాళీ. నా పద్నాలుగింటిలో పదమూడింటికి అంతే. తమరి వారసుడికి కూడా తమరి పోలికే వచ్చిందని అప్పుడు అర్థమైంది.

మన దేశంలో ప్రయత్నాలు లేవని కాదు. చదివిన కోర్సులకు వచ్చే క్రెడిట్లను దాచే డిజిటల్ బ్యాంకు 2021లో వచ్చింది. ముందే వచ్చిన పనిని పరీక్షించి గుర్తించే పద్ధతి కూడా కేంద్ర నైపుణ్య పథకంలో ఉంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 చేతివృత్తుల వారికి గుర్తింపు పత్రం ఇస్తోంది. ఆ జాబితాను పెద్దమ్మకు చదివి వినిపించాను. చేపల వల అల్లేవారు ఉన్నారు. చేప దవడతో పత్తి దువ్వేవారు లేరు. వాళ్లకు ఇంకో పద్దు ఉండవచ్చు. మన దగ్గర పద్దులకు కొదవా! బొబ్బిలి వీణనే తీసుకోండి. పనస దుంగను తొలిచి చేసే ఆ వీణకు భౌగోళిక గుర్తింపు ఉంది. అంటే వీణ చేతిలో కాగితం ఉంది. తొలిచిన చెయ్యి మాత్రం తమరి దగ్గరకు వస్తే ‘10వ తరగతి తప్పాడు’ అనే రాసుకోవాలి.

కాబట్టి నేనే పూనుకుని పెద్దమ్మకు ఒక బ్యాడ్జి తయారుచేశాను. ‘ఏం చేస్తే ఇచ్చారు’ అన్న చోట వంద కౌంటు నూలు అని రాశాను. మనవరాలు ఫోనులో తీసిన మూడు నిమిషాల వీడియోను ఆధారంగా జతచేశాను. అందులో పెద్దమ్మ ముఖం ఒక్కసారి కూడా కనబడదు, రెండు చేతులే. చిక్కంతా ‘ఎవరు ఇచ్చారు’ దగ్గరే వచ్చింది. పట్నం నుంచి వచ్చే శిక్షకుడి పేరు రాద్దామా అంటే, పోయినసారి ఆయన ఏకు పట్టుకోగానే అది ముక్కలైంది.

‘నా నూలు తీసుకుని నేసే ముసలాయన లేడూ, ఆయన పేరు రాయి. మగ్గం మీద నా పోగు తెగితే నన్ను తిట్టేది ఆయనే’ అంది పెద్దమ్మ.

ఆయన దగ్గరకు వెళ్లాను. నూలు చిలప తీసుకుని ఒక పోగు లాగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నెమ్మదిగా జార్చాడు. ‘ఇచ్చేయండి, కానీ పోయిన నెల ఒక కండె బాగా రాలేదని కూడా రాయండి’ అన్నాడు. అదీ రాశాను. నా పద్నాలుగు పతకాల్లో అలాంటి మాట ఒక్కటీ లేదు.

బ్యాడ్జి చూపిస్తే పెద్దమ్మ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. బాగుంది గానీ దీన్ని శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి తీసుకెళ్లి లామినేషన్ చేయించమంది.

తమరికి నా విన్నపం ఒక్కటే. ఆ ఇరవై అక్షరాల కొలతను కాస్త వదులు చేసి, ఒక లింకు పట్టేంత చోటివ్వండి. ఆ లింకును నొక్కి చూసే ఓపిక తమరి వెనుక కూర్చున్నవారికి ఉందా లేదా అన్నది వారితో వేరే ఉత్తరంలో తేల్చుకుంటాను.

చిత్తగించవలెను.

ఇట్లు,
ఇతరములు

తా.క.: పత్తి మీది గుడి నా దగ్గర భద్రంగా ఉంది. ఎప్పుడు రమ్మంటే అప్పుడు తెచ్చి పెడతాను.