ఆటో స్టార్టర్‌కు సన్మానం చేయాల్సిందే

మన ఊళ్లలో ఐదుగురు కలిసి ఒక పని చేయరని ఎవరన్నా అంటే నమ్మకండి. యాసంగిలో, పోయిన కరెంటు మళ్లీ వచ్చే వేళకు పరకాల దిక్కో నర్సంపేట దిక్కో ఏదో ఒక ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నిలబడి చూడండి. ఐదు బాయిల మోటార్లు రెప్పపాటు తేడా లేకుండా ఒకేసారి లేస్తాయి. గట్ల పంచాయితీ ఉన్నోళ్ల మోటార్లు కూడా! అంతా కరెంటు రాగానే మోటారును దానంతటదే లేపే డబ్బా, ఆటో స్టార్టర్ మహిమ.

లెక్క కూడా ముచ్చటైనదే. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఫేజుకు, అంటే మూడు తీగల్లో ఒక్కోదానికి, 33 ఆంప్స్ ఇస్తుంది. 5 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు తీసుకునేది 7 ఆంప్స్ పైచిలుకు. ఐదుంటే మూలుగుతూనైనా మోస్తుంది. కానీ లేచేటప్పుడు ఒక్కోటి ఆరింతల దాకా గుంజుతుంది. ఐదూ ఒక్కసారే లేస్తే 200 దాటుతుంది. వోల్టేజీ కూలబడుతుంది. వోల్టేజీ లేని మోటారు తిరగదు, తిరగని మోటారు గుంజుడు ఆపదు.

ఫ్యూజు పోతుంది. పోవడమే దాని ఉద్యోగం. కానీ మనకది అవమానం. వెంటనే ఒక పెద్దమనిషి పాత కండక్టర్ నుంచి అల్యూమినియం పోగు తీసి, మూడు పేటలు పేని, బిగించి, "ఇగ పోదు తీ" అంటాడు. నిజంగానే పోదు. ఫ్యూజుకు బదులు ట్రాన్స్‌ఫార్మర్ లోపలి తీగ చుట్ట, అదే వైండింగే పోతుంది. ఆపైన చందా, ట్రాక్టరు, నూనె కారే ట్రాన్స్‌ఫార్మర్ ఊరేగింపు, రిపేర్ షెడ్డు ముందు వరుస. ఇదంతా సరిగ్గా వరి పొట్టకొచ్చే వారంలోనే.

దీనికి పెద్ద విద్య అక్కర్లేదు. టైమరున్న స్టార్టర్లయితే మొదటిది అర నిమిషం, రెండోది నిమిషం, మూడోది నిమిషంన్నర, అట్లా పెడితే రెండున్నర నిమిషాల్లో ఐదూ లేస్తాయి. టైమరు లేకపోతే ఆటో తీసేసి చేత్తో పచ్చ బటన్ నొక్కాలి. మోటారు అదనంగా గుంజే కరెంటును పక్కనే ఉండి అందించే కెపాసిటర్, 2 కేవీఏఆర్‌ది, ఒక్కో మోటారుకు పెడితే లైను మీద కరెంటు ఆరింట ఒక వంతు మేర తగ్గుతుంది. ఐదింటికి కలిపి 35 ఆంప్స్ దాటేది 30 దగ్గరికి వస్తుంది. కెపాసిటర్లు ఉన్నాయి లెండి, ఉబ్బిపోయి, వైర్లు కోసేసి, స్టార్టర్ డబ్బా పక్కన దిష్టిబొమ్మల్లా వేలాడుతున్నాయి.

2018 జనవరి 1న తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పటి నుంచీ ఆటో స్టార్టర్లు తీసేయమని చెబుతూనే ఉన్నారు. మీటింగు పెడతారు, ఫ్లెక్సీ కడతారు, చాయ్ తాగి పోతారు. రైతు వింటాడు, తల ఊపుతాడు, తీయడు. ఎందుకు తీస్తాడు? అంతకుముందు అర్ధరాత్రి వచ్చే కరెంటు కోసం బాయి కాడికి పోయి పాము కరిచి పోయినోళ్లను చూసిన ఊరది. ఆ డబ్బా బద్ధకంతో పెట్టింది కాదు, భయంతో పెట్టింది. ఆ భయం పోగొట్టకుండా డబ్బా పీకమంటే ఎవడు పీకుతాడు?

ఫ్యూజు పోయిందని ఫోన్ చేస్తే లైన్‌మన్ ఇంకో నాలుగూళ్ల అవతల ఉంటాడు. మడి ఎండుతుంటుంది. రైతే ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎక్కుతాడు. ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు బంద్ చేసే ఏబీ స్విచ్ హ్యాండిల్ తుప్పు పట్టి కదలదు, కదిలినా మూడు బ్లేడ్లలో ఒకటి ఊడిరాదు. కిందినుంచి చూస్తే బంద్ అయినట్టే ఉంటుంది. ఆ ఒక్క ఫేజు చాలు మనిషిని చంపడానికి. తెల్లారి పేపర్లో "నిర్లక్ష్యంగా గద్దె ఎక్కి" అని రాస్తారు. ఎవరి నిర్లక్ష్యమయ్యా? ఆ బ్లేడుకు కావాల్సింది కొంచెం గ్రీజు, ఒక బోల్టు, సీజన్‌కు ముందు చూసే ఒక మనిషి. ఫ్లెక్సీ తెచ్చిన జీపులో ఈ మూడూ పట్టేవి.