సిలబస్ అడగాలా, ఆయా గురించి అడగాలా?

(మూడేళ్లు నిండబోతున్న కొడుకును ప్రీస్కూల్లో చేర్చాలనుకుంటున్న తమ్ముడు; చిన్నపిల్లల బడిలో చాలాకాలం పనిచేసిన అక్క.)

తమ్ముడు: ఫారం తెచ్చాను, అక్కా. సిలబస్ చూడు. ఆరు నెలల్లో అక్షరాలన్నీ, ఏడాది తిరిగేసరికి వంద దాకా అంకెలు. ఇంకేం కావాలి?

అక్క: వాడిని మరుగుదొడ్డికి ఎవరు తీసుకెళ్తారు?

తమ్ముడు: అదీ అడగాలా?

అక్క: ముందు అడగవలసింది అదే. నిక్కరు తడుపుకుంటే ఎవరు మారుస్తారు? విసుక్కుంటారా, అందరి ముందూ నిలబెడతారా? పక్క పిల్లవాడు కొరికితే ఆ సాయంత్రమే నీకు చెబుతారా, వంటి మీద గాటు చూసి నువ్వే తెలుసుకోవాలా? ఆ గదిలో పిల్లలెందరు, పెద్దలెందరు? ఈ వయసు పిల్లలు పదిమందికి ఒక పెద్ద మనిషైనా లేకపోతే, ఆ టీచరు ఎంత మంచిదైనా చేసేది కాపలా పనే.

తమ్ముడు: అడిగితే ఏమంటారో నాకు తెలుసు. ‘అన్నీ మేం చూసుకుంటాం సార్’ అంటారు. సిలబస్ అయితే కాగితం మీద ఉంది, రేపు నిలదీయవచ్చు. నీ ప్రశ్నలకు వచ్చే జవాబులు గాలి మాటలు.

అక్క: ఆ మాట ఒప్పుకుంటాను. అందుకే వినడం కాదు, చూడాలి. పొద్దున గేటు దగ్గర అందరూ నవ్వుతూనే ఉంటారు. పిల్లలు అలసిపోయే వేళకు వెళ్లు. ఒకడు ఏడుస్తుంటే పెద్దవాళ్లు పక్కన కూర్చుని మాట్లాడుతున్నారో, నిలబడి దూరం నుంచి కేకలేస్తున్నారో చూడు. టీచర్లు ఏడాదికోసారి మారిపోతున్నారా, ఆయా ఎన్నాళ్ల నుంచి ఉంది, కనుక్కో. వాడు రోజూ చేయి పట్టుకునేది సిలబస్‌ను కాదు, వాళ్లను.

తమ్ముడు: నువ్వు చదువును మరీ తీసిపారేస్తున్నావు. అమెరికాలోని మిషిగన్‌లో చేసిన పెర్రీ ప్రయోగం సంగతేమిటి? ప్రీస్కూల్‌కు వెళ్లిన పిల్లలు పెద్దయ్యాక ఎక్కువ సంపాదించారట కదా.

అక్క: సంపాదించారు. ఎలాంటి ప్రీస్కూలో కూడా చెప్పు మరి. 1962 నుంచి 1967 దాకా నడిచింది. మొత్తం 123 మంది పిల్లలు, అందులో బడిలో చేర్చుకున్నది దాదాపు సగం మందినే. ఐదుగురికో ఆరుగురికో ఒక టీచరు. ఆ టీచరే వారానికోసారి పిల్లవాడి ఇంటికి వెళ్లి తల్లితో కూర్చునేది. ఆ పిల్లలకు తెలివితేటల పరీక్షల్లో మొదట వచ్చిన ఆధిక్యం కొన్నేళ్లలోనే కరిగిపోయింది. అయినా నలభై ఏళ్ల వయసులో చూస్తే ఆదాయం ఎక్కువ, పోలీసు కేసులు తక్కువ. అంటే నిలిచింది అక్షరాలు కాదు. ఇప్పుడు టెన్నెసీ చూడు. రాష్ట్రమంతా ప్రీస్కూళ్లు పెట్టారు. సీట్లు చాలని చోట లాటరీ తీశారు కాబట్టి, వెళ్లినవాళ్లనూ వెళ్లనివాళ్లనూ సరిగ్గా పోల్చగలిగారు. ఏడాది చివర వెళ్లినవాళ్లే ముందున్నారు. ఆరో తరగతికి వచ్చేసరికి వాళ్లే వెనకబడ్డారు, క్రమశిక్షణ ఫిర్యాదులు కూడా వాళ్ల మీదే ఎక్కువ. 2022లో వెలువడిన ఫలితం ఇది.

తమ్ముడు: రెండు చోట్లా పేద కుటుంబాల పిల్లలే. వాళ్ల లెక్క మన ఇంటికి ఎలా సరిపోతుంది? పైగా పెర్రీ నీకు అనుకూలం కనుక నెత్తిన పెట్టుకున్నావు, టెన్నెసీతో నన్ను కొడుతున్నావు.

అక్క: మన ఇంటికి అచ్చుగుద్దినట్టు సరిపోతుందని నేనూ అనను. బోర్డు మీద ప్రీస్కూల్ అని ఉన్నంత మాత్రాన మేలు జరుగుతుందనుకోకు అంటున్నాను, అంతే.

తమ్ముడు: పోనీ, ఇంట్లోనే ఉంచితే? రోజంతా ఫోనే.

అక్క: ఆ ఫోను చేతికిచ్చింది ఎవరు?

తమ్ముడు: మొన్న వాడు ఏడుస్తుంటే ఇచ్చింది నువ్వు!

అక్క: పది నిమిషాలు! నువ్వు వాడికి సొంతంగా ఒకటి కొనిపెట్టావు.

తమ్ముడు: పాత ఫోను అది. కొనలేదు.

అక్క: సరే, పాతదే. మొదటి రోజుల సంగతి విను. చెప్పకుండా జారుకోవద్దు. వెళ్తున్నానని చెప్పి వెళ్లు, ఏడ్చినా సరే. మొదట గంట, తర్వాత రెండు గంటలు, అలా పెంచుకుంటూ పో.

తమ్ముడు: ఇద్దరం ఉద్యోగాలకు పోయేవాళ్లం. గంటగంటా పెంచడానికి సెలవు ఎవరిస్తారు? నీ సలహాలన్నీ తీరిక ఉన్నవాళ్ల కోసం.

అక్క: దానికి నా దగ్గర జవాబు లేదు. ఉన్న సెలవులు మాత్రం దాచుకో. మొదటి ఏడాది జలుబులు, దగ్గులు, జ్వరాలు వరసగా వస్తాయి. గుంపులో చేరిన పిల్లలకు అది మామూలే. ఆ రోజుల్లో బడివాళ్లు వాడిని రానివ్వరు, రానివ్వకూడదు కూడా. డబ్బు కట్టేముందు మరొకటి: మధ్యలో మానిపిస్తే ఎంత తిరిగి ఇస్తారో రాసి ఇవ్వమను. అది నీకిష్టమైన కాగితం మీది మాటే.

తమ్ముడు: సరే, రేపు సాయంత్రం వదిలేముందు వెళ్లి గది చూస్తాను. అక్షరాల సంగతి మాత్రం నేను వదిలిపెట్టను. నువ్వు నాతో రావద్దు.

అక్క: ఎందుకు?

తమ్ముడు: నువ్వు వస్తే వాళ్లు మనవాడికి సీటివ్వరు.