దిద్దితే చెదరని తెలుగు కావాలి

10⁵ అని ఉండాల్సిన చోట 105 అని పడితే అక్కడ పోయింది అందం కాదు, జవాబు. విజయవాడలో ఇంటర్, ఈఏపీసెట్ మెటీరియల్ తయారుచేసే డీటీపీ సెంటర్లలో ఈ తలనొప్పి తెలియనివాళ్లు ఉండరు. లెక్చరర్ ఫిజిక్స్ ప్రశ్నలు వర్డ్‌లో పంపిస్తారు. అవి ప్రశ్నల బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కుతాయి. ప్రూఫ్ చూసేటప్పుడు ఒక ప్రశ్నలో 'వేగం' అన్నది 'వడి' అని ఉండాలని గుర్తించి, ఆ ఒక్క మాట మార్చి సేవ్ కొడతారు. అదే పేరాలో పైన ఉన్న 5 కిందికి దిగి 10 పక్కన చేరిపోతుంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి ఎవరూ మళ్లీ చూడరు కూడా. మెటీరియల్ అచ్చుకు వెళ్లిపోతుంది.

తప్పు ఆపరేటర్‌ది కాదు, లెక్చరర్‌ది అంతకంటే కాదు. ఆ సాఫ్ట్‌వేర్ అడుగున ఉన్న ఏపీఐది, అంటే టెక్స్ట్‌ను తీయడానికీ మార్చడానికీ ప్రోగ్రామర్లు పిలిచే ఫంక్షన్ల కట్టది. 'ఉన్న టెక్స్ట్ అంతా ఇవ్వు, మార్చిన టెక్స్ట్ అంతా తీసుకో' అనే రెండు పనులు తప్ప దానికి ఇంకేమీ రావు. ఇచ్చేటప్పుడే బోల్డ్, ఇటాలిక్, సూపర్‌స్క్రిప్ట్ (10⁵లో 5 లాంటి పైఅంకె) రాలిపోతాయి. తిరిగి తీసుకునేటప్పటికి అవి ఉండేవన్న సంగతే దానికి తెలీదు. ఇదేదో చవక సాఫ్ట్‌వేర్‌కు పట్టిన జబ్బు అనుకోవద్దు. బ్రౌజర్‌లో ఒక పేరాకు ఉండే టెక్స్ట్‌కంటెంట్‌ను నేరుగా మార్చి చూడండి, బోల్డ్, లింకు లాంటివి చూపే లోపలి ట్యాగులన్నీ పోతాయి. వర్డ్ ఫైళ్ల కోసం పైథాన్ ప్రోగ్రామర్లు వాడే పైథాన్-డాక్స్‌లో పేరాగ్రాఫ్‌కు కొత్త టెక్స్ట్ ఇచ్చినా అంతే. ఇలా పోతాయని రెండింటి డాక్యుమెంటేషన్‌లోనూ రాసే ఉంది. రాసి ఉంది కదా అని నష్టం తగ్గదు.

అందుకే అంటున్నాను, దిద్దే టెక్స్ట్ కోసం తయారుచేసే ఏపీఐలో 'మొత్తం మార్చు' అనే ఫంక్షన్ అసలు ఉండనే కూడదు. ఉంటే, రేపటికల్లా డెలివరీ ఇవ్వాల్సిన ప్రోగ్రామర్ దాన్నే పిలుస్తాడు. టెక్స్ట్ ఒక చోట ఉండాలి. ఏ అక్షరం నుంచి ఏ అక్షరం దాకా ఏ రూపం (బోల్డ్, లింకు లాంటివి) అన్న పట్టిక దాని పక్కన ఉండాలి. మార్పు ఏదైనా 'ఇంతవరకు వదిలెయ్, ఇంత తీసెయ్, ఇక్కడ ఇది చేర్చు' అన్న ఆదేశంగానే లోపలికి రావాలి. అప్పుడే పట్టికలోని హద్దులు టెక్స్ట్‌తో పాటు జరుగుతాయి. క్విల్ ఎడిటర్‌లోని డెల్టా పద్ధతి సరిగ్గా ఈ మూడు ఆదేశాల మీదే నడుస్తోంది. ఆపిల్ వాళ్ల ఆట్రిబ్యూటెడ్ స్ట్రింగ్‌లో ఒక మాట తీసి మరో మాట పెడితే, తీసేసిన మాటలోని మొదటి అక్షరానికి ఏ రూపం ఉందో కొత్త మాటకు అదే వస్తుంది. ఇది సాధ్యమా అన్న చర్చకు ఎప్పుడో కాలం చెల్లింది.

దీనికి ఎదురు వాదన ఒకటి ఉంది. ఈ బాదరబందీ అంతా ఎందుకు, మాటకు అటూ ఇటూ _ లాంటి గుర్తులు పెట్టి రాసే మార్క్‌డౌన్ వాడితే ఫార్మాటింగ్ గుర్తులు కూడా టెక్స్ట్‌లోనే ఉంటాయి కాబట్టి ఏదీ పోదు అంటారు. ప్రోగ్రామర్లు తమలో తాము రాసుకునే నోట్సుకు అది చక్కగా సరిపోతుంది. తెలుగు దగ్గరికి వచ్చేసరికి బెడిసికొడుతుంది. మన విభక్తి మాటకు అతుక్కుని వస్తుంది కదా. _విజయవాడ_లో అని రాస్తే మార్క్‌డౌన్ ప్రమాణం ప్రకారం అది ఇటాలిక్ కాదు, అండర్‌స్కోర్లు ఉన్నవి ఉన్నట్టే కనిపిస్తాయి. కొటేషన్‌లో ఉన్న పేరును రెండేసి నక్షత్రం గుర్తులతో (**) బోల్డ్ చేసి, ఖాళీ వదలకుండా 'లో' చేర్చినా ఆ గుర్తులు అలాగే బయటపడతాయి. మాట అయ్యాక స్పేస్ వచ్చే భాషను చూసి రాసుకున్న నియమాలవి.

అసలు విషయం ఇక్కడే ఉంది. 'గుంటూరు' అన్న మాట మీద లింకు ఉందనుకుందాం. కర్సర్ దాని చివర పెట్టి 'లో' అని టైప్ చేశారు. లింకు 'లో' మీదకు కూడా పాకాలా, ఆగిపోవాలా? బోల్డ్ అయితే పాకాలని, లింకు అయితే ఆగాలని రాసేవాళ్లు కోరుకుంటారు. ఆండ్రాయిడ్‌లో టెక్స్ట్ ముక్కకు రూపం వేసే స్పాన్‌లలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పే ఫ్లాగులు ఉన్నాయి. మొదట్లోనో చివర్లోనో కొత్తగా చేరినదాన్ని కలుపుకోవాలా వద్దా అని ప్రతి రూపానికీ విడిగా చెప్పవచ్చు. పలువురు ఒకేసారి దిద్దే డాక్యుమెంట్ల మీద 2022లో వచ్చిన పెరిటెక్స్ట్ పరిశోధన కూడా బోల్డ్‌కు, లింకుకు హద్దు నియమాలు వేరుగా ఉండాలనే తేల్చింది. ఇంగ్లీషులో ఈ ప్రశ్న ఎప్పుడో ఒకసారి ఎదురవుతుంది. మనకు కి, కు, లో, తో, ని, నుంచి అంటూ వాక్యవాక్యానికీ ఎదురవుతుంది. హద్దు నియమం లేని ఏపీఐతో తెలుగులో నాలుగు వాక్యాలు దిద్దడం కూడా కష్టమే.

ఆ ఫ్లాగులు కూడా మనకు చాలవు. లింకు 'గుంటూర' వరకే ఉంది, చివర కొమ్ము మర్చిపోయారు, ఇప్పుడు కొమ్ము చేర్చారు. లింకు ఆగాలి అన్న నియమాన్ని గుడ్డిగా పాటిస్తే ర నీలంగా, దాని కొమ్ము నల్లగా ఉంటాయి. కొన్ని ఎడిటర్లలో కొమ్ము విడిపోయి చుక్కల వలయం మీద వేలాడుతుంది. కొమ్ము విడి అక్షరం కాదు, ర కు చెందినదే. అందుకని ఏపీఐ ముందుగా చూడాల్సింది వచ్చినది పక్క అక్షరంలో కలిసిపోతుందా లేదా అన్నది. కలిసిపోతే పాత అక్షరం రూపమే దానికీ. విడిగా నిలిస్తేనే హద్దు నియమం. ఈ ఒక్క షరతు పెడితే తెలుగుకే కాదు, హిందీకి, మలయాళానికి, ఒడియాకు కూడా సగం చిక్కులు విడిపోతాయి.

అలా కలిసిపోయేదాన్ని పోల్చుకోవాలంటే అక్షరం అంటే ఏమిటో ఏపీఐకి తెలిసి ఉండాలి. 'స్త్రీ' మనకు ఒక అక్షరం. అన్ని భాషల లిపులకూ నంబర్లిచ్చే యూనికోడ్ ప్రమాణంలో ఆరు కోడ్‌పాయింట్లు, అంటే ఆరు నంబర్లు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. తెలుగు 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే ఉంది. అయినా హల్లుకు వత్తు చేరితే మొత్తం ఒకే ముక్కగా లెక్కించాలన్న నియమం 2023లో యూనికోడ్ 15.1తో గానీ రాలేదు. అంతవరకు ప్రమాణం ప్రకారమే 'స్త్రీ' మూడు ముక్కలు. కోడ్‌పాయింట్ల లెక్కన హద్దులు తీసుకునే ఏపీఐ 'క్ష'లో ష కు మాత్రమే రంగు వెయ్యమన్నా వేస్తుంది. చాలాచోట్ల క్ పొల్లుగా విడిపోయి ష పక్కన నిలబడుతుంది. హద్దు అక్షరం మధ్యలో పడితే ఏపీఐ తనంతట తానే దాన్ని అంచుకు జరపాలి. చిన్నపిల్లల వాచకాల్లో వత్తును వేరే రంగులో చూపించాల్సి వస్తుంది, నిజమే. దానికి విడిగా ఒక ఫంక్షన్ పెట్టి, అడిగినవాళ్లకే ఇవ్వాలి.

అయితే బ్యాక్‌స్పేస్ దగ్గర ఈ కొలత పనికిరాదు. 'స్త్రీ' టైప్ చేసి దీర్ఘం వద్దనుకున్నవాళ్లు ఒక్కసారి బ్యాక్‌స్పేస్ కొడితే 'స్త్ర' మిగలాలి, మొత్తం ఊడ్చుకుపోకూడదు. తెలుగు టైప్ చేసేవాళ్ల చేతికి అలవాటైన పద్ధతి అదే. సెలెక్ట్ చెయ్యడానికి, రూపం వెయ్యడానికి అక్షరం కొలత, చెరపడానికి కోడ్‌పాయింట్ కొలత. రెండూ ఏపీఐలో వేరువేరు పేర్లతో ఉండాలి. ఒక్క 'లెంగ్త్'తో సరిపెట్టుకునే ఏపీఐని తెలుగు ఎడిటర్ కోసం ఎంచుకోకండి.

ఇంకొకటి కూడా ఉంది. 'బస్టాండ్‌లో' అని రాసేటప్పుడు డ్ కు, లో కు మధ్య కంటికి కనపడని ఒక గుర్తు పెడతాం. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది లేకపోతే ల వచ్చి డ కింద వత్తుగా చేరుతుంది. పేస్ట్ చేసేటప్పుడు 'చెత్త తీసేస్తున్నాం' అంటూ కొన్ని ఎడిటర్లు దాన్ని కూడా తీసిపారేస్తాయి. అది చెత్త కాదు, ఫార్మాటింగ్ కూడా కాదు, టెక్స్ట్. అనుమతి లేకుండా దాన్ని తీసెయ్యడమూ, మాటలో ఒక అక్షరం తీసెయ్యడమూ ఒకటే.

టెక్స్ట్‌నూ రూపాన్నీ కలగలిపేస్తే ఏమవుతుందో మన ప్రాంతానికి ఇంకెవరూ చెప్పక్కర్లేదు. విజయవాడ ఏలూరు రోడ్డు, గవర్నర్‌పేట, గుంటూరు అరండల్‌పేట. తెలుగు పుస్తకాలు, గైడ్లు, పెళ్లికార్డులు ఎన్నో ఏళ్లపాటు పేజ్‌మేకర్‌లో, యూనికోడ్ కాని అను లాంటి ఫాంట్లలో తయారయ్యాయి. ఆ ఫైళ్లలో ఉన్నవి నిజానికి ఇంగ్లీషు అక్షరాల కోడ్లు. ఫాంట్ వాటికి తెలుగు ముఖం తొడిగేది. ఫాంట్ మారిస్తే అర్థంకాని రోమన్ గీతలు మిగులుతాయి. కన్వర్టర్లు ఉన్నాయి, నేనూ వాడతాను. కానీ ఒక పేరాలో తెలుగూ ఇంగ్లీషూ కలిసి ఉన్నప్పుడు ఏ కోడ్లు తెలుగువో, ఏవి నిజంగా ఇంగ్లీషువో చెప్పగలిగేది ఫాంట్ సమాచారం ఒక్కటే. మెయిల్‌లోనో నోట్‌ప్యాడ్‌లోనో ఒకసారి పేస్ట్ అయి ఆ సమాచారం పోయిందా, ఇక కన్వర్టర్ చేసేది ఊహే. అలాంటి ఫైళ్లలో ఫార్మాటింగ్ పోతే భాషే పోయినట్టు. పునర్ముద్రణకు వచ్చిన పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి మళ్లీ టైప్ చేయించడం ఇక్కడి ప్రచురణకర్తలకు మామూలైపోయింది. ఈ మామూలును నేను ఒప్పుకోను. ఒకసారి కష్టపడి కూర్చిన పుస్తకాన్ని ముప్పయ్యేళ్ల తర్వాత కూడా తెరిచి, దిద్ది, అచ్చు వేసుకోగలగాలి.

ఇప్పుడు చేతిలో యూనికోడ్ ఉంది. మంచి ఫాంట్లు ఉన్నాయి. చేసేవాళ్లు లేరా అంటే, కృష్ణకు ఇటు కానూరు నుంచి అటు వడ్డేశ్వరం, నీరుకొండ, వడ్లమూడి దాకా ఇంజినీరింగ్ కాలేజీలే. ఏటా వేలమంది ప్రోగ్రామర్లు అక్కడి నుంచే బయటికి వస్తున్నారు. ఫైనలియర్‌లో ఎడిటర్ ప్రాజెక్టు చేసేవాళ్లూ ఉంటారు. కానీ టెస్ట్ డేటాగా ఇంగ్లీషు వాక్యాలే ఇస్తారు. ఇంట్లో అమ్మతో తెలుగులో చాటింగ్ చేసే కుర్రాడు, తాను రాసిన ఎడిటర్‌లో ఒక్క తెలుగు వాక్యం కూడా టైప్ చేసి చూడడు. తెలుగుతో పరీక్షించకపోతే ఏమవుతుందో ప్రపంచంలోని పెద్ద కంపెనీలలో ఒకటి 2018 ఫిబ్రవరిలో చూసింది. 'జ్ఞా' అన్న ఒక్క అక్షరం, మధ్యలో ఆ కనపడని గుర్తుతో కలిసి, ఐఫోన్లలో యాప్‌లను కుప్పకూల్చింది. ఆపిల్ హడావుడిగా ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచెయ్యాల్సి వచ్చింది. ఆ అక్షరం మన బడిపిల్లలు 'విజ్ఞానం' రాసేటప్పుడు దిద్దేదే.

కుర్రాళ్లను అని లాభం లేదు, వాళ్లను అడిగేవాళ్లు లేరు. అడగాల్సింది ప్రభుత్వం. 1966 అధికార భాషా చట్టం ప్రకారం ఈ రాష్ట్రంలో పాలన భాష తెలుగు. వెలగపూడి సచివాలయం నుంచి నడిచే శాఖలన్నిటికీ సాఫ్ట్‌వేర్ కావాలి, డబ్బు పెట్టి కొంటారు. టెండర్‌లో 'తెలుగు సపోర్ట్ ఉండాలి' అన్న షరతు ఏ మూలకూ చాలదు. తెలుగు కనిపిస్తే చాలు, ఆ షరతు తీరిపోతుంది. తెలుగును దిద్దగలగాలి అన్నది షరతు కావాలి. సవరణ ముసాయిదాలో కొట్టివేత గీత ఉన్న వాక్యాన్ని తీసుకోండి. పక్క వాక్యంలో ఒక తప్పు సరిచేస్తే ఆ గీత పోకూడదు. పోతే రద్దయిన నిబంధన మళ్లీ అమల్లో ఉన్నట్టు కనిపిస్తుంది. రెండు భాషల జీవోలో తెలుగు పేరా దిద్దినప్పుడు ఇంగ్లీషు పేరాలోని అంకెలు, పట్టికలు కదలకూడదు.

ఈ పరీక్షలు పెట్టే కమిటీలో ప్రొఫెసర్లతో పాటు డీటీపీ ఆపరేటర్లను కూర్చోబెట్టాలి. ఫైలు ఎక్కడ విరుగుతుందో ఏళ్ల తరబడి రాత్రింబవళ్లు చూసినవాళ్లు వాళ్లు. వాళ్లకు ఫీజు ఇవ్వాలి. వాళ్లు దిద్ది చూసి బాగుందని సంతకం పెట్టేదాకా కాంట్రాక్టర్ బిల్లు పాస్ చెయ్యకూడదు.