బస్తీలో అడిగినట్టు అపార్ట్‌మెంట్‌లో అడుగుతారా?

పేదోళ్ళు ఫోన్ ఎట్లా వాడతారో స్టడీ చేస్తామని తిరుపతి బస్తీల్లోకి టీములు వస్తున్న సంగతి అందరికీ తెలిసిందే. ఈ వారం మా ఆఫీసుకొచ్చిన ఒకావిడ చెప్పింది విన్నాక మాత్రం ఊరుకోలేక ఇది రాస్తున్నాం.

ఆవిడ పూలు కట్టి అమ్ముకుంటుంది. ఫోన్ స్క్రీన్ పగిలిపోయింది, వెనక డొప్ప ఊడకుండా జడకేసుకునే రబ్బర్ బ్యాండ్ చుట్టింది. మొగుడు, అత్త, ఇద్దరు పిల్లలు, అందరికీ అదే ఫోన్. టీములో అమ్మాయి రెండ్రోజులు పక్కన కూర్చుని టీ తాగి, అక్కా అక్కా అని కలుపుకుని, మూడోరోజు 'ఒకసారి ఇట్లియ్యక్కా' అని ఫోన్ తీసుకుని కాల్ లిస్టు, వాట్సాప్, డబ్బులు పంపిన లెక్కలు ఒక్కొక్కటే తెరిచి ఫొటోలు కొట్టుకుందంట. అందులో చీటీ బాకీ ఉంది, ఇంట్లో తెలీకుండా పుట్టింటికి పంపిన ఐదొందలుంది. సంతకం పెట్టించుకున్న కాగితం మొత్తం ఇంగ్లీషే. పైగా అయిదుగురు వాడే ఫోన్‌కి ఒక్క సంతకం చాలా? ఆ అత్తని, చదువుకునే పిల్లని ఎవరడిగారు?

మనుషుల మధ్య ఉండి చూసి రాసుకునే ఎత్నోగ్రఫీ పనికొచ్చేదే, కాదనం. డేటా అక్కర్లేనోళ్ళకి కాల్స్, ఎస్ఎంఎస్‌ల వరకే రీఛార్జ్ ఉండాలని ఫోన్ కంపెనీలకి రూల్స్ పెట్టే ట్రాయ్ 2024 డిసెంబర్‌లో చెప్పింది, ఇట్లాంటి ఇబ్బందులు ఎవరో ఒకరు పోయి చూస్తేనే కదా బయటికొచ్చేది. సరే. కానీ ఇదే టీము ఒక గేటెడ్ అపార్ట్‌మెంట్‌కి పోయి, డాక్టర్ గారి ఫోన్ తీసుకుని, ఆయన భార్యకి పెట్టిన మెసేజీలు ఫొటో కొడుతుందా? వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేస్తాడు. పూలమ్ముకునే ఆవిడకి వాచ్‌మన్ లేడు, అందుకే కదా ఈ ధైర్యం!

ప్రైవసీ పెద్దోళ్ళ గోల అనే మాట సుప్రీంకోర్టు ముందు కూడా వచ్చింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు ప్రైవసీ ప్రాథమిక హక్కని తేల్చారు, పేదోళ్ళకి తిండి చాలు హక్కులెందుకనే వాదనని ఆ తీర్పు గట్టిగా కొట్టేసింది. అయినా 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం రీసెర్చ్‌కి మినహాయింపు ఇచ్చింది, కొన్ని ప్రమాణాలు పాటించాలనే షరతు మీద. మా భయం అక్కడే. ఈరోజు రీసెర్చ్ అని ఫోన్ తెరిస్తే ఎవరూ ఏమీ అనకపోతే, రేపు లోన్ యాప్ ఏజెంటు సర్వే అనే పేరుతోనే వస్తాడు, ఎల్లుండి ఏదో పార్టీ మనిషి వస్తాడు, అప్పటికి బస్తీలో ఫోన్ చేతికివ్వడం అలవాటైపోయుంటుంది. అదే చట్టం, పర్మిషన్ అడిగేటప్పుడు తెలుగులో చదువుకునే వీలివ్వాలని కూడా చెప్తుంది. రీసెర్చ్ చేసేవాళ్ళకి మినహాయింపు గుర్తుంటుంది, ఇది గుర్తుండదా?

జీవకోనలో అయినా కొర్లగుంటలో అయినా తలుపు తట్టే ముందు మీ ఇంట్లో మీ అమ్మ ఫోన్ ఎవరైనా ఇట్లా తెరిస్తే ఒప్పుకుంటారా అని ఆలోచించండి. ఆవిడ ఫోన్‌లోంచి తీసిన ప్రతి ఫొటో డిలీట్ చేయాలి, ఎక్కడో ఆఫీసులో కూర్చుని చేశామంటే కుదరదు, ఆమె పూలబుట్ట దగ్గరికొచ్చి ఆమె కళ్ళముందే చేయాలి.