పాతికేళ్ల ఒప్పందం, ఐదేళ్ల సర్కారు

అనంతపురం జిల్లా ఉరవకొండ వైపు వెళ్తుంటే గాలిమరలు వరసగా కనిపిస్తాయి. కింద వేరుశనగ చేలు. జూన్, జులైలలో అక్కడి గాలికి నెత్తిమీద తుండు నిలవదు. గాలి కరెంటుకు అదే అసలు సీజన్. 2019లో సరిగ్గా ఆ సీజన్ మొదట్లోనే ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారింది, టీడీపీ దిగి వైసీపీ వచ్చింది.

జులై 1న కొత్త ప్రభుత్వం సౌర, పవన విద్యుత్ ఒప్పందాల ధరలపై మళ్లీ బేరానికి ఉన్నతస్థాయి కమిటీ వేసింది. కారణం లేకపోలేదు. పాత పవన విద్యుత్ ఒప్పందాల్లో యూనిట్ ధర 4.84 రూపాయల దాకా ఉంది. 2017 చివర్లో గుజరాత్ వేలంలో అది 2.43కే దొరికింది. కరెంటు పంపిణీ చేసే డిస్కంలు అప్పుల్లో ఉన్నాయి, ఆ భారం చివరికి పడేది మన బిల్లు మీదే. ఎక్కువ ఎందుకివ్వాలని అడగడం తప్పు కాదు.

అడిగిన తీరే తప్పు. బొగ్గు ప్లాంటుకు రోజూ బొగ్గు కొనాలి. గాలిమరకు అలా కాదు, ఖర్చు దాదాపు అంతా మొదట్లోనే పెట్టాలి, అదీ ఎక్కువగా బ్యాంకు అప్పుతో. పాతికేళ్లు ఫలానా ధర వస్తుందన్న నమ్మకం మీదే బ్యాంకు ఆ అప్పిస్తుంది. సర్కారు మారగానే ధర మారేటట్టయితే తర్వాత వచ్చేవాడికి వడ్డీ పెరుగుతుంది, ఆ వడ్డీ మళ్లీ యూనిట్ ధరలోకే చేరుతుంది. అప్పటి కేంద్ర విద్యుత్ మంత్రి ఆర్.కె. సింగ్ కూడా ఇది వద్దనే లేఖ రాశారు. వ్యవహారం హైకోర్టుకెక్కింది. 2019 సెప్టెంబరులో మధ్యంతరంగా తక్కువ ధర చెల్లించమన్న కోర్టే, 2022 మార్చిలో ఒప్పందంలో ఉన్న ధరే ఇవ్వాలని తేల్చింది. మధ్యలో రెండున్నరేళ్లు పోయాయి.

ఆ ప్రభుత్వానికి సౌర విద్యుత్ అంటే పడకపోవడం కాదిది. అదే ప్రభుత్వం 2021లో కేంద్ర ప్రభుత్వ సౌర విద్యుత్ సంస్థ సెకీతో యూనిట్ 2.49 చొప్పున 7,000 మెగావాట్లకు ఒప్పందం చేసుకుంది. 2022లో సౌర, పవన విద్యుత్‌లు కలిసిన పిన్నాపురం ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసింది. ప్రతిపక్షంలో ఉన్న టీడీపీ ఆ సెకీ ఒప్పందాన్ని తప్పుపట్టింది. ఎవరు సంతకం పెట్టారన్నదే ముందు చూస్తున్నారు, కరెంటు సంగతి తర్వాత. నాకు బాధ కలిగించేది ఇదే.

అమెరికాలోనూ ఇదే వరస. వాతావరణ మార్పుపై దేశాలు చేసుకున్న పారిస్ ఒప్పందం నుంచి ట్రంప్ బయటికొచ్చారు, 2021లో బైడెన్ మళ్లీ చేరారు, 2025 జనవరిలో ట్రంప్ తిరిగి రాగానే మళ్లీ వైదొలగాలని ఉత్తర్వు ఇచ్చారు.

2024లో ఇక్కడ మళ్లీ ప్రభుత్వం మారింది. అక్టోబరులో కొత్త క్లీన్ ఎనర్జీ విధానం వచ్చింది. లక్ష్యం 160 గిగావాట్లు, 10 లక్షల కోట్ల పెట్టుబడి. లక్ష్యం మంచిదే. ధరల మీద అభ్యంతరం ఉంటే కమిటీలతో కాకుండా విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణలోనే తేల్చుకుంటామని అన్ని పార్టీలూ మేనిఫెస్టోలో రాయాలి. 2025లో సంతకమైన పాతికేళ్ల ఒప్పందం 2029 నుంచి 2049 దాకా ఐదు అసెంబ్లీ ఎన్నికలు దాటాలి.