మిషను మనది, తాళం ఎవరిది?

2017 ఏప్రిల్‌లో, బిట్‌మెయిన్ కంపెనీ తయారుచేసిన యాంట్‌మైనర్ అనే బిట్‌కాయిన్ తవ్వే మిషన్ల ఫర్మ్‌వేర్‌లో, అంటే మిషనును నడిపించే లోపలి సాఫ్ట్‌వేర్‌లో, ఒక చిన్న కోడ్ ముక్క బయటపడింది. మిషను ఒకటి నుంచి పదకొండు నిమిషాలకోసారి ఒక సర్వరును పలకరించి తన సీరియల్ నంబరు, నెట్‌వర్క్ చిరునామా చెప్పుకుంటుంది. అటునుంచి ‘వద్దు’ అని జవాబు వస్తే మైనింగ్, అంటే లెక్కలు చేసి బిట్‌కాయిన్ సంపాదించే పని, ఆపేస్తుంది. బిట్‌కాయిన్ లోకం దానికి ‘యాంట్‌బ్లీడ్’ అని పేరు పెట్టింది. మిషన్లు దొంగల పాలైతే యజమాని దూరం నుంచి ఆపుకోవడానికి మొదలుపెట్టి, మధ్యలో వదిలేసిన ఏర్పాటు అది అని కంపెనీ సంజాయిషీ ఇచ్చింది. ఆ కోడ్ తీసేసి కొత్త ఫర్మ్‌వేర్ విడుదల చేసింది. ఆ మాట నిజమేననుకుందాం. డబ్బు పెట్టి కొన్నవాడికి చెప్పకుండా అతని మిషనులో స్విచ్ ఎందుకు పెట్టారన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది.

ఆ లోపం ఎలా దొరికిందో చూడాలి. ఆ మైనింగ్ ప్రోగ్రామ్ ‘సీజీమైనర్’ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద కట్టింది కాబట్టి కోడ్ అందరికీ కనబడే చోటే ఉంది. చదవగలిగినవాడు చదివాడు, పట్టుకున్నాడు. కంపెనీ ఫర్మ్‌వేరా, బయటివాళ్ళ ఫర్మ్‌వేరా అని మైనర్లు ఏళ్ళ తరబడి కొట్టుకుంటున్నారు. మేము ముందు అడిగే ప్రశ్న వేరు: అందులో ఏముందో చూసే వీలుందా? నచ్చకపోతే మార్చుకునే వీలుందా?

మన ఊళ్ళలో పంపుసెట్టు మోటారు కాలిపోతే రైతు రివైండింగ్ షాపుకు తీసుకెళ్తాడు. తీగ ఎంత మందం వేయాలో అక్కడ మాట్లాడుకుంటాడు. కంపెనీ అనుమతి కోసం ఎవరికీ ఉత్తరం రాయడు. మైనింగ్ మిషనుకి వచ్చేసరికి ఆ స్వేచ్ఛ ఎందుకు లేకుండా పోవాలి? 2019 నుంచి బిట్‌మెయిన్ తన కొత్త ఫర్మ్‌వేర్‌లలో మిషను లోపలికి వెళ్ళే ఎస్ఎస్‌హెచ్ దారి మూసేసింది. బయటి ఫర్మ్‌వేర్ వేస్తే వారంటీ పోతుందని కూడా కంపెనీ చెబుతుంది. చిప్పు మాడిపోయేంతగా ఓవర్‌క్లాక్ చేసినవాడికి (హద్దు మించిన వేగంతో నడిపినవాడికి) వారంటీ ఇవ్వనంటే అర్థం చేసుకోవచ్చు. కరెంటు తగ్గించుకోవడానికి సాఫ్ట్‌వేర్ మార్చినవాడినీ అదే గాటన కట్టడం అన్యాయం.

మార్చుకోవాలన్న కోరిక ఎక్కడ పుడుతుందో ఒక్క ఉదాహరణ చాలు. 2016లో వచ్చిన యాంట్‌మైనర్ ఎస్9లో 189 చిప్పులుంటాయి. ఒకే ఫ్యాక్టరీలో పుట్టినా అన్నీ ఒకలా ఉండవు. కొన్ని తక్కువ వోల్టేజితోనే చురుగ్గా పనిచేస్తాయి, కొన్ని మొరాయిస్తాయి. కంపెనీ అన్నిటికీ సరిపోయేలా కొంత మార్జిన్ వదిలి సెట్టింగు పెడుతుంది. బయటి ఫర్మ్‌వేర్‌లోని ఆటోట్యూనింగ్ ఒక్కో చిప్పునీ విడిగా పరీక్షించి, దేనికి తగిన వేగం దానికి ఇస్తుంది. చిప్పు తాగే కరెంటు వోల్టేజి వర్గాన్నిబట్టి పెరుగుతుంది కాబట్టి, వేగంతో పాటు వోల్టేజి కూడా కాస్త దించితే రాబడి తగ్గే శాతం కంటే బిల్లు తగ్గే శాతం ఎక్కువ. రహస్యమంతా అక్కడే ఉంది.

ఇదే ఎస్9 చిప్పుల్లో ‘ఏసిక్‌బూస్ట్’ అనే లెక్కల చిట్కాకు కావలసిన శక్తి మొదటి నుంచీ ఉంది. దానివల్ల అదే పనికి తక్కువ కరెంటు చాలు. కంపెనీ ఇచ్చిన ఫర్మ్‌వేర్ మాత్రం కొన్నవాడికి ఆ సౌకర్యం ఇవ్వలేదు. 2018లో చెక్ దేశానికి చెందిన బ్రెయిన్స్ సంస్థ ఓపెన్ సోర్స్‌గా తెచ్చిన బ్రెయిన్స్ ఓఎస్ దాన్ని వాడుకలోకి తెచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో బిట్‌మెయిన్ కూడా తన ఫర్మ్‌వేర్‌లో దాన్ని ఇచ్చింది. పోటీ లేకపోతే కొన్నవాళ్ళు ఇంకెన్నాళ్ళు ఎదురుచూసేవారో!

ఇంతమాత్రాన బయటి ఫర్మ్‌వేర్ అంతా అమృతమని మేము అనడం లేదు. 2019 జనవరిలో చైనాలో ‘హెచ్‌యాంట్’ అనే మాల్‌వేర్ వార్తల్లోకెక్కింది. ఎస్9 మిషన్లను పట్టుకుని, 10 బిట్‌కాయిన్లు ఇవ్వకపోతే ఫ్యాను ఆపి, వేడి నుంచి కాపాడే రక్షణ తీసేసి మిషన్లను తగలబెడతానని బెదిరించింది. ఎక్కువ వేగం వస్తుందని ఆశపడి ఎక్కడినుంచో దించుకున్న ఓవర్‌క్లాకింగ్ ఫర్మ్‌వేర్‌లోనే అది దాక్కుని వచ్చిందని అప్పట్లో అనుమానించారు. కంపెనీ స్విచ్‌కి భయపడి దొంగ చేతికి తాళం ఇవ్వడమంటే పెనం మీంచి పొయ్యిలో పడటమే. పేరూ ఊరూ లేని టెలిగ్రామ్ గ్రూపులో ‘ఫ్రీ’ అని పంచే ఫైలు జోలికి పోకపోవడమే మంచిది.

పేరున్న సంస్థల ఫర్మ్‌వేర్‌కీ ఖర్చుంది. చాలావాటికి రాబడిలో 2 నుంచి 3 శాతం దాకా ‘డెవ్ ఫీజు’ పోతుంది. అంటే రోజులో కొంతసేపు మిషను మనకోసం కాక ఫర్మ్‌వేర్ రాసినవాళ్ళ కోసం తవ్వుతుంది. రెండున్నర శాతమైతే రోజుకు 36 నిమిషాలు. ఆదా అయ్యే కరెంటు అంతకంటే ఎక్కువుంటే ఇది దండుగ కాదు. కానీ వీటిలో చాలావాటి కోడ్ కూడా మూసిన పెట్టే. ఆ 36 నిమిషాలు నిజంగా 36 నిమిషాలేనని ఎవరు లెక్క చూపిస్తారు? బిట్‌మెయిన్‌ని అడిగిన ప్రశ్నే వీళ్ళనీ అడగాలి.

పెద్ద కంపెనీలకు ఈ టెన్షన్ తక్కువ. అమెరికాలో బిట్‌కాయిన్ తవ్వే మారా వంటి సంస్థ సొంత ఫర్మ్‌వేరే రాసుకుంది. టెక్సస్‌లో గ్రిడ్‌కి కరెంటు కొరత వచ్చినప్పుడు మిషన్లు ఆపి డబ్బు సంపాదించే ఏర్పాటుంది. 2023 ఆగస్టులో రయట్ అనే మైనింగ్ సంస్థకు ఆ రూపంలో వచ్చిన క్రెడిట్లు 3.17 కోట్ల డాలర్లు, ఆ నెల తవ్విన బిట్‌కాయిన్ల విలువకంటే చాలా ఎక్కువ. వేల మిషన్లను క్షణాల్లో దించి, మళ్ళీ లేపగలిగే ఫర్మ్‌వేర్ అక్కడ వ్యాపారానికి ఆయువుపట్టు.

ఇంట్లో ఒక మిషను పెట్టుకుందామనుకునే మనవాళ్ళ లెక్క వేరు. 3,250 వాట్ల యాంట్‌మైనర్ ఎస్19 ప్రో రోజుకు 78 యూనిట్లు, నెలకు 2,340 యూనిట్లు తాగుతుంది. తెలుగు రాష్ట్రాల్లో ఇళ్ళకు పై శ్లాబు రేటు యూనిట్‌కి పది రూపాయలకు దగ్గరగా ఉంది. 75 డెసిబెల్స్ రొద అదనం. రామగుండం మే నెల ఎండలో ఆ గది ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. పైగా 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను ఉంది. మైనింగ్‌కి పెట్టిన మౌలిక వసతుల ఖర్చును కొనుగోలు ధరగా లెక్కించుకోవడానికి వీల్లేదని కేంద్రం లోక్‌సభలో స్పష్టం చేసింది. 2024 ఏప్రిల్ హాఫింగ్‌తో ఒక్కో బ్లాకుకు (లావాదేవీల కట్టకు) మైనర్లకు వచ్చే బహుమతి 6.25 నుంచి 3.125 బిట్‌కాయిన్లకు తగ్గిపోయింది. ఈ లెక్కను ఏ ఫర్మ్‌వేరూ తలకిందులు చేయలేదు.

అయినా కొంటామనేవాళ్ళు ఎక్కువగా చూసేది సెకండ్‌హ్యాండ్ మిషన్లనే. వాటిలో పాత యజమాని వేసిన ఫర్మ్‌వేరే ఉంటుంది, అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో అమ్మేవాడికే తెలియకపోవచ్చు. డబ్బు చేతిలో పెట్టకముందే ఆ మోడల్‌కి కంపెనీ ఫర్మ్‌వేర్‌ని ఎస్‌డీ కార్డుతో తిరిగి వేసుకునే దారి తెరిచుందో లేదో అడగాలి. ఉంటే, తవ్వకం మొదలుపెట్టే ముందు ఆ కార్డుతో మిషనులోని పాత ఫర్మ్‌వేర్ తుడిచేసి, తవ్విన బిట్‌కాయిన్లు చేరే వాలెట్ చిరునామా మనదేనో కాదో చూసుకోవాలి.