రంగు దీపాల పెట్టెకు లక్షా ఇరవై వేలు

పండగ పూట ఎవరితోనూ గొడవ పెట్టుకోవద్దని బస్సు ఎక్కేటప్పుడే అమ్మ చెప్పింది. పెట్టుకోలేదు. నోరు మూసుకుని బూరెలు తిని తిరిగి వచ్చాను. ఆ మింగినదంతా ఇప్పుడు ఇక్కడ కక్కుతున్నాను, భరించండి.

మా బాబాయిది భీమవరం దగ్గర పల్లెటూరు. సంక్రాంతికి తన కొడుక్కి, అంటే నా తమ్ముడికి, కొత్త కంప్యూటరు కొన్నాడు. అద్దాల పెట్టె, లోపల ఆరు ఫ్యాన్లు, ఒక్కోదానికి ఒక్కో రంగు. జగ్గన్నతోట తీర్థానికి వెళ్లే ప్రభలకు కూడా అంత అలంకారం ఉండదు. లక్షా ఇరవై వేలట. కొట్టువాడు ‘గేమింగ్ కంప్యూటర్’ అన్నాడట, ఈయన డబ్బు లెక్కపెట్టాడట. అంతే జరిగింది బేరం.

వాడు ఆడేది ఒకే ఒక్క ఆట, మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2024. మధురపూడి విమానాశ్రయంలో విమానం లేపి, ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా గౌతమీ పాయ వెంట యానాం దాకా తీసుకెళ్తానని నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. రన్‌వే దాటకముందే తెర బిగుసుకుపోయింది. కదిలింది. మళ్లీ బిగుసుకుంది. నేను లేచి వెళ్లి కాఫీ తాగి వచ్చేసరికి కూడా బ్యారేజీ రాలేదు. అక్కడి పాత ఆనకట్టను కాటన్ 1852 నాటికి పూర్తి చేయించాడు కానీ, మావాడి విమానం దాని దగ్గరికి చేరలేకపోయింది.

పక్కన పడేసిన అట్టపెట్టెలు తీసి చదివాను. ర్యామ్, అంటే ఆట నడిచేటప్పుడు డేటా పెట్టుకునే మెమొరీ, 8 జీబీ. ఈ ఆటకు కనీసం 16 ఉండాలి, 32 ఉంటే మంచిది, 64 ఉంటే ఇంకా మంచిది అని తయారుచేసినవాళ్లే రాసిపెట్టారు. ఎస్‌ఎస్‌డీ (చిప్పుల్లో దాచి వేగంగా చదివే నిల్వ) లేదు, గిర్రున తిరిగే పాత హార్డ్ డిస్కు. ప్రాసెసర్ ఎక్కడో సర్వర్‌లోంచి పీకినది. అడిగితే బాబాయి గర్వంగా “పదహారు కోర్లురా!” అన్నాడు.

పదహారు కోర్లట! కోరు అంటే ప్రాసెసర్ లోపల విడిగా పనిచేసే ఒక్కో భాగం. ఇలాంటి విమానాల ఆటలో బరువంతా చాలావరకు ఒకే కోరు మీద పడుతుంది. ఆ కోరు మీద నడిచే ముఖ్యమైన పనుల వరసనే మెయిన్ థ్రెడ్ అంటారు. కాలువ లాకు అర అడుగే ఎత్తి, కింద పదహారు బోదెలు తవ్వితే చేలోకి నీళ్లు ఎక్కువ వస్తాయా? ఈ మాట గోదావరి రైతుకు నేను చెప్పాలా? కావలసింది ఆ ఒక్క కోరు వేగం, దాని పక్కనే ఉండి మాటిమాటికీ కావలసిన డేటాను దాచిపెట్టే చిన్న, వేగమైన మెమొరీ, అదే క్యాష్. ఏఎండీ కంపెనీ 2022లో తెచ్చిన 5800ఎక్స్3డీ అనే ప్రాసెసరులో కోర్లు ఎనిమిదే, ఎల్3 అనే క్యాష్ మాత్రం 96 ఎంబీ. మామూలు 5800ఎక్స్‌లో అది 32. ఈ ఆటలు ఆడేవాళ్లు దాని వెనక పడ్డది అందుకే. దానికి రంగు దీపాలు లేవు కాబట్టి మన కొట్లలో దాని ఊసు ఎత్తలేదు.

ఇక లోపలి భాగాలకు కరెంటు అందించే పవర్ సప్లై. పేరు లేదు, ఊరు లేదు. రొయ్యల చెరువుల్లో నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లు మొదలయ్యాక ఆ వీధిలో రాత్రిపూట బల్బులు గుడ్డిగా వెలుగుతాయి. అలాంటి కరెంటు మీద, యూపీఎస్ కూడా లేకుండా, ఆ అనామక డబ్బాను నమ్ముకున్నారు. ఏదో ఒక రాత్రి అది తానొక్కతే పోదు, గ్రాఫిక్స్ కార్డును కూడా వెంట తీసుకుపోతుంది.

నాకు మండేది అది కాదు. మా బాబాయి అమాయకుడైతే జాలి పడేవాణ్ని. రొయ్య పిల్లను ల్యాబులో వైరస్ ఉందో లేదో చూసే పీసీఆర్ పరీక్ష చేయించకుండా చెరువులో వదలడు! మేత బస్తా కొనాలన్నా నలుగురిని అడుగుతాడు. కంప్యూటరు దగ్గరికి వచ్చేసరికి అడగాల్సిన మనిషి ఒక్కడూ లేకపోయాడా? నేను ఫోను చేస్తే దొరికేంత దూరంలోనే ఉన్నానుగా?

ఎందుకు అడుగుతాడులెండి. 2020 ఆగస్టులో ఈ ఆట ముందటి సిమ్యులేటర్ వచ్చినప్పుడు, నాకు అరవై వేలు కావాలని నాన్నను అడిగాను. కాగితం మీద ప్రతి భాగం ధరతో సహా రాసి ఇచ్చాను. నాన్న దాదాపు ఒప్పుకున్నాడు. అప్పుడే మా అరుగు మీదికి వచ్చి కూర్చున్న ఈ పెద్దమనిషి ఆ కాగితం మడిచి విసనకర్రలా ఊపుకుంటూ, “విమానం నడపాలంటే పైలట్ అవ్వాలి గానీ కంప్యూటరెందుకన్నయ్యా, చదువు చంకనాకిపోతుంది” అన్నాడు. ఆ మాటతో అయిపోయింది. రెండేళ్లపాటు 8 జీబీ ర్యామ్ పెట్టుకుని, అన్ని సెట్టింగులూ అట్టడుక్కి దించి, చెట్లు లేని కోనసీమ మీద ఎగిరాను. చెట్లు లేని కోనసీమ! ఇప్పుడు కొడుకు అడిగేసరికి లక్షా ఇరవై వేలు వచ్చాయి. చదువు మాట గుర్తు రాలేదు.

ఇంటికి చేరేసరికి ఫోను. “ఒరేయ్, వచ్చే ఆదివారం వచ్చి దాని సంగతి కాస్త చూడు, తమ్ముడు అలిగి కూర్చున్నాడు. ఊరికే ఏం కాదులే, పులస కూర పెట్టిస్తాను” అన్నాడు.

వానాకాలం వరదకు తప్ప గోదావరిలో దొరకని పులస, జనవరిలో.